పసుపు బ్యూక్‌లో పక్క సీటు

వెండెల్ పవ్లాక్ తాత గరాజులోకి వెళ్ళాలంటే ముందు గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి. తర్వాత నడుము బెల్టు విప్పాలి, దాని బకిల్ గీతలు పెడుతుంది కాబట్టి. ఉంగరమూ గడియారమూ తీసి పక్కనే ఉన్న కాఫీ డబ్బాలో వెయ్యాలి. చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక కారును చూడవచ్చు. ఊపిరి పీల్చుకోవచ్చు గానీ దాని వైపు వదలకూడదు. పవ్లాక్ వారింటి పిల్లలు ఎక్కాలు రాకపోయినా ఈ నియమాలు మాత్రం తడుముకోకుండా అప్పజెప్తారు.

ఆ కారు 1970 నాటి బ్యూక్ జి.ఎస్.ఎక్స్. గుడ్డులోని పచ్చసొన రంగు, ఒంటికి నల్ల చారలు, వెనక ఒక రెక్క. ఇంజన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపించే మీటరు అందరి కార్లలో లోపల ఉంటే, దీనికి బయట బానెట్ మీద చిన్న కప్పలా కూర్చుని ఉంటుంది. 1983లో శాగినా అనే ఊళ్ళో ఒక మందుల షాపాయన భార్య దగ్గర తాత దాన్ని కొన్నాడు. అప్పటికి తొమ్మిది వేల ఎనిమిదివందల ఆరు మైళ్ళు తిరిగింది. నలభై రెండేళ్ళ తర్వాత చూస్తే తొమ్మిది వేల ఎనిమిదివందల డెబ్బై ఒకటి. అంటే తాత చేతిలో అది తిరిగింది అరవై అయిదు మైళ్ళు. ఆ అరవై అయిదు కూడా రోడ్డు మీద కాదు. ట్రెయిలర్ ఎక్కడానికి కొన్ని, దిగడానికి కొన్ని.

తాత ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాడు. అన్నేళ్ళలో ఒక్క పిల్లాడు కూడా సీటు మీంచి జారిపడలేదు. బస్సు కదిలినట్టు పిల్లలకి తెలిసేది కాదు. కిటికీలోంచి బడి వెనక్కి పోతుంటే, ఓహో బయల్దేరాం అనుకునేవాళ్ళు. రైలు పట్టాలు వస్తే ఆపి, తలుపు తెరిచి, రైలు చప్పుడు వస్తోందేమో విని కదలడం బస్సు వాళ్ళకి నియమం. తాత పదవీ విరమణ చేసి పదమూడేళ్ళయింది. ఇప్పటికీ కూరగాయలకి వెళ్తూ పట్టాల దగ్గర ట్రక్కు ఆపి తలుపు తెరుస్తాడు.

ఇక బ్యూక్‌లో డ్రైవరు పక్క సీటు. ఆ సీటు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. మందుల షాపాయన భార్య కూర్చోలేదు, తాత భార్య లొరేన్ అమ్మమ్మా కూర్చోలేదు. అమ్మమ్మ వూడ్‌వర్డ్ రోడ్డు పక్కన జుట్టు కత్తిరించే దుకాణం నడిపిన మనిషి. ఊళ్ళో సగం మందిని కుర్చీలో కూర్చోబెట్టిన తనకి సొంత గరాజులో ఒక సీటు లేకపోయింది.

"పాయింట్లు పోతాయి లొరేన్" అనేవాడు తాత.

పాయింట్లంటే పాత కార్ల పోటీలో వేసేవి. నాలుగువందలకి వేస్తారు. ఒకసారి ఒహాయోలో ఒక న్యాయనిర్ణేత దంతవైద్యుడిలా చిన్న అద్దమూ టార్చిలైటూ పట్టుకుని బ్యూక్ కిందకి దూరి, అరగంట తర్వాత బయటికి వచ్చి మూడువందల తొంభై ఏడు వేశాడు. ఆ మూడు ఎందుకు పోయాయని తాత అడిగితే, "కింద పెయింటు మరీ నున్నగా ఉంది. ఆ రోజుల్లో ఇంత శ్రద్ధగా ఎవరూ వెయ్యలేదు. ఒక చుక్కైనా కారి ఉండాలి" అన్నాడు. కారు మరీ బాగుండటం కూడా తప్పేనన్నమాట. తాత ఇంటికి వచ్చి ఆ చలికాలమంతా పెయింటు సహజంగా కారడం ఎలాగో సాధన చేశాడు. అమ్మమ్మ బిస్కెట్లు కాల్చే పళ్ళేలు వరసగా గోడకి ఆనించి, వాటి మీద కారు అడుగున వేసే ఎర్ర పెయింటు చుక్కలు పెట్టి, అవి జారుతుంటే కళ్ళజోడు సర్దుకుని చూసేవాడు. ఒక్కటీ నచ్చలేదు. ఒకటి మరీ నిటారుగా దిగింది, ఇంకోటి కావాలని కార్చినట్టుంది. ఆ ఏడు క్రిస్మస్‌కి పవ్లాక్ వారింట్లో బిస్కెట్లు లేవు.

అమ్మమ్మకి ఒక తమ్ముడున్నాడు, డెల్బర్ట్. నీటి గొట్టాలు బాగుచేసి బతికిన మనిషి. అతని దగ్గరా ఒక 1970 కారుంది, షెవర్లే షెవెల్, ఎరుపు మీద నల్ల చారలు. డెల్బర్ట్ ఆ కారులో గుడ్లు తెస్తాడు, ఉప్పు బస్తాలు తెస్తాడు, పికిల్స్ అనే కుక్కని తిప్పుతాడు. పికిల్స్ ముందు సీట్లో కూర్చుని అద్దం మీద చొంగ కారుస్తుంది. తాత ఆ అద్దం వైపు చూడడు.

ప్రతి మంగళవారం సాయంత్రం కస్టర్డ్ ఐస్‌క్రీం కొట్టు ముందున్న ఖాళీ జాగాలో పాత కార్ల వాళ్ళంతా చేరతారు. బానెట్లు తెరిచి, మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. తాత రెండు వీధుల అవతల ఉన్న ఇంటి నుంచి బ్యూక్‌ని ట్రెయిలర్ మీద తీసుకొస్తాడు. డెల్బర్ట్ కుర్చీ దాని పక్కనే. వాళ్ళిద్దరూ వాదన మొదలుపెడితే మిగతావాళ్ళు కుర్చీలు కొంచెం అవతలికి జరుపుకుంటారు, నలభై ఏళ్ళుగా అదే వాదన కాబట్టి.

"నాలుగువందల యాభై గుర్రాల బలం బావా నాది. నీది మూడువందల అరవై. తొంభై తక్కువ. తొంభై గుర్రాలంటే ఒక లాయం."

"అది కాగితం మీద అంకె. కావాలని తగ్గించి రాశారు. లాగే బలం చూడు. నాది అయిదువందల పది, నీది అయిదువందలు."

"ఆ పదీ ఎక్కడ వాడావు, ట్రెయిలర్ ఎక్కడానికా?"

"ఇలాంటివి చేసినవే ఆరువందల డెబ్బై ఎనిమిది. నీలాంటివి నాలుగు వేల పైచిలుకు. ఎవడింట్లో చూసినా ఉంది."

"జనానికి నచ్చింది, కొన్నారు. తప్పా?"

"పైగా నీ ఇంజన్ నంబరూ బండి నంబరూ కలవవు."

ఇది తాత చివరి బాణం. పుట్టినప్పుడున్న ఇంజనే ఇప్పటికీ ఉంటే నంబర్లు కలిశాయంటారు, పాత కార్లు కూడబెట్టేవాళ్ళు అలాంటి బండికే విలువ కడతారు. డెల్బర్ట్ కారులో ఉన్నది మూడో ఇంజన్.

"మొదటి రెండూ వాడితే పేలిపోయాయి బావా. వాడితే అలా అవుతుంది" అన్నాడు డెల్బర్ట్ కస్టర్డ్ నాకుతూ. "నీ నంబర్లు కలిశాయి, సంతోషం. నువ్వూ నీ కారూ ఎప్పుడు కలుస్తారు?"

ఈ మాట అన్నది పోయిన ఆగస్టు మొదటి మంగళవారం. అదే రోజు అమ్మమ్మ కూడా అక్కడే కుర్చీలో ఉంది. ఆ నెలలోనే వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతాయి. కానుకగా ఏం కావాలని తాత ముందే అడిగాడు, అమ్మమ్మ అందరి ముందూ జవాబు చెప్పింది.

"నాకు ఆ పక్క సీట్లో కూర్చోవాలనుంది వెండెల్. వూడ్‌వర్డ్ మీద ఒకసారి వెళ్ళి రావాలనుంది. అంతే."

తాత కస్టర్డ్ చెంచా నోట్లోనే ఉంచుకుని చాలాసేపు ఆలోచించాడు.

"బట్టలు ఆరబెట్టే కొత్త యంత్రం కొందాం" అన్నాడు.

డెల్బర్ట్ అన్నాడు. "అక్కా, అది పరిగెత్తదు. అది కారు కాదు, భోజనాల బల్ల. దాని మీద బట్ట పరిచి బంగాళాదుంపలు పెట్టుకోండి."

అమ్మమ్మ నవ్వింది. చిన్న నవ్వే. కానీ తాత చెవులు బ్రేకు లైట్లలా వెలిగాయి. అప్పుడు తాత నోటివెంట వచ్చిన మాట విని మడత కుర్చీలు తిరిగి దగ్గరికి జరిగాయి.

"ఆదివారం. పావు మైలు. కాగితాలు పెట్టి."

కాగితాల పందెమంటే ఆ కార్ల వాళ్ళలో ఆఖరి మాట. ఇద్దరూ బండి యాజమాన్యం కాగితాలు మూడో మనిషి చేతిలో పెడతారు. ఓడినవాడి బండి గెలిచినవాడిది. కుర్రకారు ఏ తెల్లవారుజామునో చేసే పని అది, మోకాళ్ళకి పట్టీలు కట్టుకునేవాళ్ళు చేసేది కాదు. డెల్బర్ట్ ఒక క్షణం బిత్తరపోయాడు. తర్వాత చెయ్యి చాచాడు.

"నేను గెలిస్తే మొదట ఏం చేస్తానో తెలుసా బావా? ఆ ప్లాస్టిక్ చింపి అక్కని కూర్చోబెడతా."

"కాగితాలు నా సంచిలో వెయ్యండి" అంది అమ్మమ్మ.

ఆ నాలుగు రోజులూ తాత నిద్రపోలేదు. గరాజులో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి బ్యూక్‌ని చూశాడు. ఓడితే ఆ కారు డెల్బర్ట్ చేతికి పోతుంది, పికిల్స్ దాని అద్దం మీద చొంగ కారుస్తుంది. గెలవాలని గట్టిగా తొక్కితే ఇంజన్ పేలవచ్చు, పేలితే నంబర్లు కలవవు. ఓడినా పోయేది అదే, గెలిచినా పోయేది అదే అన్నట్టుంది. శనివారం రాత్రి భోజనంలో అమ్మమ్మ బంగాళాదుంప కూరిన పీరోగీలు వేయించి పెడితే రెండే తిన్నాడు. మామూలుగా పదకొండు తింటాడు.

"టైర్లన్నా మార్చు వెండెల్" అంది అమ్మమ్మ. "అవి మన పెళ్ళికన్నా పాతవి."

"అవి దానితో పుట్టినవి" అన్నాడు తాత, ఎవరో పిల్లవాడి పళ్ళు పీకమన్నట్టు.

డెల్బర్ట్ కూడా టైర్లు మార్చలేదు. అతని టైర్లు కూడా అరిగి బండబారినవే, కొత్తవి కొనడం దండగని అతని నమ్మకం. అలాంటి రబ్బరు మీద అన్నేసి గుర్రాలని వదలడానికి ఇద్దరూ సిద్ధపడ్డారు, ఒకడు భక్తితో, ఒకడు పిసినారితనంతో.

పందేల రోడ్డు ఊరికి యాభై రెండు మైళ్ళ దూరంలో, మొక్కజొన్న చేల మధ్య ఉంది. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి తమ బండి ఎంత వేగంగా పోతుందో చూసుకోవచ్చు. అక్కడ లైట్ల స్తంభం దగ్గర నారింజ రంగు చొక్కాలో మార్వా అనే ఆవిడ నిలబడి బండ్లని వదులుతుంది. తాత వంగి వంగి బ్యూక్‌ని ట్రెయిలర్ మీంచి దింపుతుంటే ఆవిడ టైర్ల మీద చెయ్యి వేసి చూసింది.

"వీటిని ఎక్కడ తవ్వి తీశారు పెద్దాయనా?"

"ఫ్యాక్టరీవి."

"నేనూ అదే ఏడు పుట్టాను. నన్నెవరూ పరిగెత్తమని అడగరు" అంది మార్వా.

రెండు కార్లూ గీత దగ్గరికి వచ్చాయి. అమ్మమ్మ కంచె పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పికిల్స్ షెవెల్‌లోంచి తల బయటపెట్టి తాతని చూస్తోంది, ఈ సీటు నాది, ఆ సీటు కూడా నాదే అన్నట్టు. డెల్బర్ట్ ఇంజన్ బుసలు కొడుతోంది. తాత ఇంజన్ నెమ్మదిగా గుడగుడలాడుతోంది, భోంచేసిన ఏనుగు పొట్టలా.

సరిగ్గా అప్పుడే చేలోంచి ఒక మిడత ఎగిరి వచ్చి, బ్యూక్ బానెట్ మీదున్న మీటరు అద్దం మీద వాలింది.

తాత దాన్ని చూశాడు. ఆకుపచ్చగా, లావుగా, బొటనవేలంత ఉంది. అదీ తాతని చూసింది. తాత చెయ్యి బయటపెట్టి ఊపాడు. అది మీసం దువ్వుకుంది. ఇప్పుడు గట్టిగా తొక్కితే ఏమవుతుందో తాతకి స్పష్టంగా తెలుసు. మిడత వచ్చి ముందు అద్దానికి కొట్టుకుంటుంది, దారిలో పచ్చసొన రంగు పెయింటు మీద పచ్చటి గీత ఒకటి గీసుకుంటూ వస్తుంది. మిడత రసం పెయింటుని తినేస్తుందని తాత ఎక్కడో చదివాడు. పసుపు లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. తర్వాత ఆకుపచ్చ.

డెల్బర్ట్ క్లచ్ వదిలాడు. షెవెల్ సింహంలా గర్జించింది, వెనక టైర్లు గిర్రున తిరిగాయి, తెల్లటి పొగ లేచింది, కారు మాత్రం ఉన్నచోటే ఉంది. నాలుగువందల యాభై గుర్రాలు ఆ బండ టైర్ల మీద జారుతూ నేలని రుద్దుతున్నాయి. డెల్బర్ట్ ఇంకా తొక్కాడు. కారు కొంచెం పక్కకి తిరిగింది. పొగలోంచి పికిల్స్ తుమ్మడం వినిపించింది.

తాత బ్యూక్‌ని స్కూలు బస్సులా కదిలించాడు. నిజానికి మిడతకి తెలియకుండా కదిలించాడు. ఏడు మైళ్ళ వేగం. తొమ్మిది. కంచె పక్కన అమ్మమ్మ సంచి మూత తెరిచి మూసింది. పదకొండు. పదమూడు. మిడత రెక్కలు విప్పింది, ఆలోచించింది, కుడివైపు చేలోకి ఎగిరిపోయింది.

అప్పుడు తాత తొక్కాడు.

నలభై రెండేళ్ళుగా ఆ పెడల్ అంత కిందకి పోతుందని అతనికి తెలియదు. బ్యూక్ ముక్కు పైకి లేచింది. ఆ అయిదువందల పదీ ఒక్కసారి వచ్చి అతని వీపుని సీటుకి అంటించాయి. టోపీ వెనక సీట్లోకి పోయింది. తాత నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అలాంటిది అతని నోట్లోంచి అంతకుముందు రాలేదు, బస్సు పిల్లలు చేసేది అది, వేసవి సెలవులకి ముందురోజు. వెనక నుంచి డెల్బర్ట్ పొగలోంచి ఊడిపడి దూసుకువస్తున్నాడు. అద్దంలో ఎరుపు పెద్దదవుతోంది, ఇంకా పెద్దదవుతోంది. చివరి గీత దగ్గర షెవెల్ ముక్కు బ్యూక్ తలుపు దాకా వచ్చింది, దాటలేకపోయింది.

మార్వా టైము అచ్చైన చీటీ చూసి చదివింది. "పసుపు, పంతొమ్మిది పాయింట్ రెండు సెకన్లు. ఎరుపు, పంతొమ్మిది పాయింట్ మూడు."

పుస్తకాల్లో ఈ రెండు కార్లకీ పదమూడు చిల్లర అని రాసుంటుంది. "ఇందాక ఒక టీచరమ్మ పిల్లల్ని ఎక్కించుకునే వ్యాన్‌తో పదహారున్నరలో పోయింది" అంది మార్వా. "వెనక ఆవిడ బట్టల బుట్ట కూడా ఉంది."

ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. డెల్బర్ట్ బానెట్ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. కాలిన వాసన వస్తోంది. గేరు వేస్తే ఇంజన్ అరుస్తోంది, కారు కదలడం లేదు. క్లచ్ బూడిదైంది. అతని మొహం కూడా అలాగే ఉంది.

"తీసుకో బావా" అంటూ తాళంచెవులు చాచాడు. "పికిల్స్ దుప్పటి ఒకటి వెనక సీట్లో ఉంది. అది మాత్రం ఇచ్చెయ్."

తాత తాళంచెవులు తీసుకున్నాడు. గెలిచినవాడు ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు, ఎప్పుడూ గెలవలేదు కాబట్టి. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. షెవెల్ కదలదు. ట్రెయిలర్ ఒకటే ఉంది. కదలని కారే ట్రెయిలర్ ఎక్కాలి. అంటే బ్యూక్ యాభై రెండు మైళ్ళు తన కాళ్ళ మీద తాను ఇంటికి రావాలి.

తాత ఆ లెక్క మూడుసార్లు వేశాడు. ఎన్నిసార్లు వేసినా అదే వచ్చింది.

"డెల్బర్ట్, నువ్వు ట్రక్కు నడుపు. నేను దీన్ని తెస్తాను" అని, ఆ తర్వాత చాలా మామూలుగా అన్నట్టు, "లొరేన్, నువ్వు తమ్ముడి పక్కన ట్రక్కులో కూర్చో" అన్నాడు.

"ట్రక్కులో కుక్కుంది."

"పక్కకి జరుగుతుంది."

"రెండు కార్ల కాగితాలూ నా సంచిలో ఉన్నాయి వెండెల్" అంది అమ్మమ్మ. "నేను ఎక్కడ కూర్చోవాలో నువ్వు చెప్తావా?"

బ్యూక్ తలుపు తెరిచి, గోళ్ళతో ఆ ప్లాస్టిక్ అంచు పట్టుకుని లాగింది. యాభై అయిదేళ్ళ ప్లాస్టిక్ ఎండుటాకులా చిటపటలాడుతూ ఊడింది. తాత మొహం తిప్పుకున్నాడు, ఆసుపత్రిలో సూది వేస్తుంటే తిప్పుకున్నట్టు. అమ్మమ్మ కూర్చుని స్కర్టు సర్దుకుంది.

"స్ప్రింగు గుచ్చుకుంటోంది" అంది. "దీనికోసమా నలభై రెండేళ్ళు."

మొదటి పది మైళ్ళు తాత ఊపిరి కూడా కిటికీ వైపే వదిలాడు. పదకొండో మైలు దగ్గర రైలు పట్టాలు వచ్చాయి. బ్యూక్ ఆగింది. తాత తలుపు తెరిచి విన్నాడు. వెనక ట్రక్కులోంచి డెల్బర్ట్ హారన్ కొట్టాడు.

"ఈ పట్టాలు పీకేసి పన్నెండేళ్ళయింది" అంది అమ్మమ్మ. "ఇవి రోడ్డు మీద మిగిలిన గీతలు."

"తెలుసు" అన్నాడు తాత, తలుపు వేస్తూ.

ముప్పయ్యో మైలుకి అమ్మమ్మ చేతిని కిటికీ మీద పెట్టుకుని జుట్టు ఎగరనిచ్చింది. నలభయ్యో మైలుకి, "ఇందాక చేసిన ఆ శబ్దం మళ్ళీ చెయ్యి" అంది. తాత రోడ్డు ముందూ వెనకా చూసుకుని, ఆ పెడల్ మళ్ళీ కొంచెం తొక్కాడు. శబ్దం ఇద్దరి నోట్లోంచీ వచ్చింది.

వూడ్‌వర్డ్ మీదికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆగస్టులో ఆ రోడ్డు పక్కన జనం మడత కుర్చీలు వేసుకుని పోయే కార్లని చూస్తూనే ఉంటారు. నలభై రెండేళ్ళుగా ట్రెయిలర్ మీద చూసిన పసుపు బ్యూక్ సొంత చక్రాల మీద వస్తుంటే, అందులో లొరేన్ ఉంటే, వెనక ట్రెయిలర్ మీద డెల్బర్ట్ ఎర్ర కారు వస్తుంటే, ఒక ముసలాయన కుర్చీలోంచి లేచి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ చూపులు డెల్బర్ట్‌కి ట్రక్కులో దాక్కునేంత బాగా తగిలాయి. అతను సీట్లో కిందకి జారాడు, స్టీరింగ్ వెనక పికిల్స్ ఒక్కటే కనిపించింది.

కస్టర్డ్ కొట్టు దగ్గర ఆగారు. తాత సంచిలోంచి షెవెల్ కాగితాలు తీయించి, ఒకసారి విప్పి చదివి, మడిచి డెల్బర్ట్ చొక్కా జేబులో పెట్టాడు.

"ఏంటిది బావా?"

"నంబర్లు కలవని బండిని నా గరాజులో పెట్టుకోను. నా పరువు పోతుంది."

డెల్బర్ట్ చాలాసేపు జేబు తడుముకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఏదో మంచి మాట అనబోతున్నాడని తాత భయపడ్డాడు.

"గెలిచింది మిడత బావా" అన్నాడు డెల్బర్ట్. "నువ్వు కాదు."

"మిడతకి అయిదువందల పది ఉందా?"

"తొంభై గుర్రాలు తక్కువన్న మాట అలాగే ఉంది."

వాళ్ళని అలా వదిలేసి అమ్మమ్మ వెనిల్లా కోను కొనుక్కుని వచ్చి, ఎవరినీ అడక్కుండా తలుపు తీసుకుని మళ్ళీ ఆ సీట్లో కూర్చుంది. ఎండకి కోను కరిగింది. ఒక చుక్క ఆవిడ మణికట్టు మీంచి జారి, సీటు అంచున పడి, నల్ల వినైల్ మీద నెమ్మదిగా కిందకి దిగింది.

తాత దాన్ని చూశాడు. డెల్బర్ట్ కూడా చూసి, ఇక అయిపోయిందని కుక్కని దగ్గరికి లాక్కున్నాడు. తాత కిటికీ దగ్గర వంగి, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, ఆ చుక్కని మొదటి నుంచి చివరి దాకా పరిశీలించాడు. పైన సన్నగా మొదలై, మధ్యలో ఒక్క క్షణం ఆగి, కొంచెం ఎడమకి ఒరిగి, కింద గుండ్రంగా బరువుగా నిలిచింది. ఎవరూ కావాలని కార్చినట్టు లేదు.

"కదలకు లొరేన్" అన్నాడు తాత. "చలికాలమంతా ప్రయత్నించాను, నాకు ఒక్కటి కూడా ఇలా రాలేదు."